చెలమ నుండి బోరు దాకా: అడవి అంచు పల్లెలలో మన బావుల చరిత్ర



నూరేండ్లు నిండిన అధ్యక్ష ఖండపు చరిత్ర వ్రాయునప్పుడు దేవాలయములు, పాఠశాలలు, ఆసుపత్రులు, వాటిని కట్టించిన పెద్దల పేర్లు తప్పక వచ్చును. బావుల సంగతి మాత్రము ఏదో ఒక మూల ఒక వాక్యముగా వచ్చి పోవును. అయినను మన ప్రాంతములో గుడి కట్టినను, బడి పెట్టినను, క్రొత్త గుంపు కుదురుకొన్నను మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ నీళ్లు పడునా? ఖమ్మం మెట్ట భూములు ముగిసి భద్రాచలం అడవులు మొదలగు ఈ సరిహద్దులో ఆ ప్రశ్నకు మన తాతలు, తండ్రులు, మనము ఏ విధముగా జవాబు వెదకితిమో ఈ వ్యాసములో వ్రాయ బూనుకొన్నాము.

మా అభిప్రాయము ముందే చెప్పుచున్నాము. సంఘ దర్శనముల కొరకు మేము తిరిగిన పల్లెలలో నీళ్లు లేక పాడైన బావులకన్న, చూచువారు లేక పాడైన బావులనే ఎక్కువగా చూచినాము. బావి త్రవ్వించినవాని పేరు రాతి మీద ఉండును. పూడిక తీసినవాని పేరు, వాషరు మార్చినవాని పేరు ఎక్కడను ఉండదు. ఈ రెండవవాని పని ఎంతటిదో మన బావుల చరిత్రయే చెప్పగలదు.

నేల తీరు

మన ప్రాంతము ఎడారి కాదు. ఏటికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. ముసురు పట్టిన దినములలో వాగులు దాటలేక బడులు మూతపడుట మనకు క్రొత్త కాదు. అయినను శివరాత్రి దాటినప్పటి నుండి బిందెల వరుసలు మొదలగుట కూడ మనకు క్రొత్త కాదు. దీనికి కారణము ఆకాశములో లేదు, నేలలో ఉన్నది. వానలో ఎక్కువ పాలు నాలుగు నెలలలోనే కురిసిపోవును. గుట్టల వాలున పడిన నీరు ఆగక వాగులలో చేరి, కిన్నెరసాని, తాలిపేరు, శబరి వంటి ఏరుల వెంట గోదావరికి పోవును. నేలలోనికి ఇంకినదే బావికి వచ్చును.

ఇంకిన నీరు నిలుచు చోటు రాతినిబట్టి మారును. ఖమ్మం, కూసుమంచి వైపు మిక్కిలి ప్రాచీనమైన గట్టి రాయి ఉన్నది. ఆ రాతి లోపల నీరు ఉండదు. దాని పైన ఎండకు వానకు చివికి మెత్తబడిన పొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే ఉండును. పగులు తగిలినవానికి నీళ్లు, పది గజముల దూరములో పగులు తప్పినవానికి రాతి పొడి. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు వైపు, గోదావరి లోయ వెంబడి, బొగ్గు పొరలతో కూడిన ఇసుకరాయి ఉన్నది. ఈ రాయి ఇసుక రేణువుల సందులలో నీటిని పట్టి ఉంచును. అక్కడ నీరు కొంత సులువుగా దొరుకును గాని బోరు గోడ కూలును.

కాబట్టి గట్టి రాతి బోరుకు పై మెత్తని పొర దాటి రాతిలో కరచుకొను వరకు కేసింగు గొట్టము దింపిన చాలును. ఇసుకరాతి బోరుకు క్రింది దాకా గొట్టము, నీరు వచ్చు పొర యొద్ద చీలికలు పెట్టిన గొట్టము కావలెను. ఈ ఒక్క తేడా తెలియక, ఒక ఊరి లెక్కను మరియొక ఊరిలో వేసి అప్పుల పాలైన కుటుంబములు ఉన్నవి.

నీరు ఎక్కడ పడునో చూచు విద్య చాల పాతది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమంతయు దీనికే కేటాయించి, చెట్లను పుట్టలను గుర్తులుగా చెప్పినాడు. చెట్టు గుర్తులో కొంత అర్థమున్నది. నడి వేసవిలో పచ్చగా నిలిచిన మద్ది చెట్టు వేళ్లు ఎక్కడనో తడిని అందుకొన్నవని గ్రహింపవచ్చును. అరచేతిలో కొబ్బరికాయ నిలువుగా లేచుటకు, వేప పంగల కర్ర వంగుటకు అట్టి ఆధారము లేదు. నేలలోనికి కరెంటు పంపి రాతి తీరు తెలిసికొను పరీక్ష వచ్చిన తరువాత కూడ కొబ్బరికాయకే ఎక్కువ డబ్బు ఇచ్చుచున్నాము.

చెలమలు, ఊటలు

బావికన్న ముందు చెలమ ఉన్నది. వాగు ఎండిన తరువాత ఇసుకలో మోచేతి లోతు గుంట త్రవ్వి, మొదట ఊరిన మురికిని తోడి పారబోసి, తేట నీరు ఊరువరకు ప్రక్కన కూర్చుండి, సొరకాయ బుర్రతో ముంచుకొనుట మన అడవి పల్లెల పాత పద్ధతి. చెలమ నీరు ఇసుకలో వడగట్టబడి వచ్చును గనుక, పై వాగు నీటికన్న తేటగా ఉండును. అయితే పశువులు త్రొక్కినను, ఎగువ మురికి చేరినను ఆ రక్షణ పోవును. అందుకే చెలమ చుట్టు ముళ్లకంప వేసి, త్రాగు చెలమ ఎగువకు, పశువుల చెలమ దిగువకు ఉంచెడివారు. నీటిని కాచు నియమము మనకు ఇంజనీర్లు నేర్పినది కాదు.

కోయ గుంపులు, కొండరెడ్ల ఊళ్లు ఊటను చూచి వెలసినవి. అశ్వాపురం మండలమునే చూడుడు: మొండికుంట, మల్లెలమడుగు, తుమ్మలచెరువు. కుంట, మడుగు, చెరువు అను మాటలు ఊరి పేరులోనే నిలిచియున్నవి.

మన సంఘ చరిత్ర కూడ నీటి పని యొద్దనే ఈ అడవులలో అడుగుపెట్టినది. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు తలపెట్టిన గోదావరి పడవ మార్గము కొరకు 1860ల కాలములో దుమ్ముగూడెం యొద్ద ఆనకట్ట, కాలువ, లాకులు కట్టు పని సాగెను. ఆ పని మీదనున్న ఇంజనీరు హెయిగ్ గారి ప్రోత్సాహముతోనే చర్చి మిషనరీ సొసైటీ సేవ దుమ్ముగూడెంలో కోయల మధ్య మొదలైనది. తరువాత రెవరెండు జాన్ కెయిన్ గారు అక్కడ బహు సంవత్సరములు పనిచేసి, కోయల జీవితమును గూర్చి వ్రాసిపెట్టినారు. పడవ మార్గపు పెద్ద పని 1870ల తొలినాళ్లలో ఆగిపోయినది. రాతి కట్టడములు నిలిచినవి, పడవల రాకపోకలు నిలువలేదు. అంతటి నది ప్రక్కన పారుచుండగనే, గుట్ట మీది గుంపులు వేసవిలో చెలమలనే నమ్ముకొనియుండెను. నది నీరు గుట్ట ఎక్కదు గదా.

భద్రాచలం తాలూకా 1874లో మధ్య పరగణాల నుండి మద్రాసు రాజధానికి చేరినది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసినది. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. కాగితముల మీద గీతలు ఇన్ని మార్లు మారినను, వాగు తన దారినే పారుచున్నది. నేలలోని నీటికి జిల్లా లేదు.

మోట బావి, చేద బావి

మైదానపు పల్లెలలో సొంత బావి అనగా మొదట మోట బావియే. వేసవిలో నీటి మట్టము దిగినప్పుడు వడ్డెరలు గునపము, సమ్మెట, ఉలి పట్టి దిగెడివారు. మెత్తని నేల ముగిసి బండ తగిలినచో ఉలితో తొలిచి, మందు కూరి పేల్చెడివారు. త్రవ్విన తరువాత మెత్తని పొర కూలకుండ రాతి కట్టు కట్టెడివారు. ఎద్దుల జత ఏటవాలు బాటలో దిగుచు తోలు సంచిని పైకి లాగును. సంచి కాలువలో ఒలికిన తరువాత ఎద్దులు వెనుకకు నడుచును. దినమంతయు నడిచినను తడియు చెక్క చిన్నదే. ఎద్దుల బలమునకు మించి నీరు తోడుట సాధ్యము కాదు గనుక, తోడినంత నీరు రాత్రికి మరల ఊరెడిది. మోట బావికి ఆ హద్దు దానంతట అదే ఉండెను.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఆ మోట తోలును శుద్ధి చేసి కుట్టినవారు మాదిగలు. వారి చేతి తోలు బావిలో మునిగి పొలమంతయు తడిపినది. వారి కడవ మాత్రము ఊరి చేద బావి గట్టు మీదికి రానీయబడలేదు. మాలలకును అదే గతి. గట్టుకు దూరముగా నిలిచి, ఎవరైన దయ తలచి పోసినంత పట్టుకొని పోవలసియుండెను. 1912 డిసెంబరు 29న వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా, మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకింపబడిన నాటి పల్లెల స్థితి అది. మన సంఘములు ఎక్కువగా ఆ గట్టుకు దూరముగా నిలువబడినవారి ఇండ్లలోనే పుట్టినవి. కాబట్టి మిషను ఆవరణలో ఒక బావి ఉండుట, దాని చేదను ఎవరి చేయియైనను పట్టవచ్చుననుట వారికి చిన్న సంగతి కాదు.

అయితే మనలోను లోపమున్నది. మాలపేటకు ఒక బావి, మాదిగపేటకు ఒక బావి అను ఏర్పాటు క్రైస్తవులైన తరువాత కూడ అనేక చోట్ల సాగినది. ఒకే గిన్నెలోని ద్రాక్షారసమును పుచ్చుకొన్నవారు ఒకే బావి నీళ్లు త్రాగుటకు వెనుకాడిన దినములున్నవి. శతాబ్ది సంచికలో ఇది వ్రాయుట కొందరికి కష్టముగా ఉండవచ్చును. వ్రాయకుండుట అంతకన్న కష్టము.

1927 మార్చి 20న మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ గారు వేలమందితో నడిచి చవదార్ చెరువు నీటిని త్రాగినది ఈ అన్యాయమును ఎదిరించియే. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 15వ అధికరణము ప్రభుత్వ ధనముతో నడచు బావులను, ప్రజల కొరకు అంకితమైన బావులను అందరికి తెరచినది. 1955లో దానికి శిక్షల చట్టము కూడ వచ్చినది. అయితే ఆ అధికరణపు మాటలు ప్రజల బావిని గూర్చినవి. ఒకడు తన చేనిలో, తన డబ్బుతో త్రవ్వుకొన్న బావి గట్టు మీదికి ఎవరిని రానిచ్చునన్నది అతని మనస్సాక్షికే మిగిలినది. సొంత బావులు పెరిగినకొలది ఈ మిగిలిన భాగమే పెద్దదైనది.

బావి తీరు మారినందున ఒక రోగమే దేశము విడిచి పోయిన చరిత్ర కూడ ఉన్నది. దిగుడు బావిలో మెట్లు దిగి కాళ్లు నీటిలో పెట్టి ముంచుకొనునప్పుడు, నారి కురుపు ఉన్నవాని పుండు నుండి పురుగు పిల్లలు నీటిలో చేరును. వాటిని కంటికి ఆనని నీటి పురుగులు మ్రింగును, ఆ నీరు వడకట్టక త్రాగినవానికి ఏడాది తిరుగునప్పటికి కాలిలో నారి దిగును. మందు లేని ఈ రోగమును, మెట్లు మూసి గట్టు కట్టి, గుడ్డతో వడకట్టి, బోరింగులు వేసి ఆపినారు. 1983–84లో దేశవ్యాప్త కార్యక్రమము మొదలైనది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ కూడ ఆ రోగమున్న రాష్ట్రములలో ఒకటి. 1996లో రాజస్థానులో చివరి రోగి కనబడినాడు. 2000లో భారతదేశము ఈ రోగము నుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. సూది లేదు, మాత్ర లేదు. బావిని సరిగా కట్టి, సరిగా వాడిన ఫలమే అది.

బోరింగు వచ్చినది

1965–67 కరవు సంవత్సరములలో ఉత్తరాదిని, దక్కను పీఠభూమిని బావులు ఎండి బాధించినవి. చేతితో త్రవ్విన బావి గట్టి రాతిని దాటి పోలేదు. అప్పుడు గాలి వత్తిడితో పనిచేయు సుత్తిని గొట్టము కొనకు తగిలించి రాతిని పొడిచేయు యంత్రములు వచ్చినవి. 1967లో యునిసెఫ్ సంస్థ అట్టి యంత్రములను మన దేశమునకు తెప్పించినది. వడ్డెరలు రెండు వేసవులు కొట్టు బండను ఆ యంత్రము కొద్ది గంటలలో దాటెను.

బోరు పడినది, నీరు తగిలినది. తరువాత ఏమైనదో వినుడు. ఆ బోర్ల మీద బిగించిన పోత ఇనుప పంపులు విదేశములలో ఒక్క కుటుంబము పెరటిలో వాడుకొనుటకు చేసిన నమూనాలు. ఇక్కడ తెల్లవారుజాము నుండి రాత్రి వరకు రెండు మూడు వందలమంది వాటిని కొట్టిరి. పిడి విరిగెను, కీలు అరిగెను, వాషరు చినిగెను. 1970ల నడుమ పరిశీలించి చూడగా, ఏ దినమైనను ఆ పంపులలో సుమారు నాలుగింట మూడు పాళ్లు పనిచేయుట లేదని తేలినది. నేలలో నీరు ఉండగనే, పైన పంపు చచ్చి, ఆడవారు మరల పాత గుంటలకు పోయిరి.

ఈ చిక్కును విప్పుటలో సంఘమునకు భాగమున్నది. మహారాష్ట్రలోని జాల్నాలో, 1956 వరకు మన ఖమ్మమువలెనే హైదరాబాదు రాష్ట్రములో ఉండిన ఆ ఊరిలో, స్కాట్లండు సంఘపు మిషనువారు బోర్లు వేయుచు, లోపము బోరులో కాదు పంపులో ఉన్నదని గ్రహించిరి. అనేక కీళ్లున్న పోత ఇనుప తలను తీసివేసి, ఉక్కుతో, ఒకే ఇరుసు మీద బాల్ బేరింగుతో ఆడు పంపును తమ కర్మశాలలో చేసిరి. షోలాపూరులోని బావుల సేవా సంస్థవారు దానిని ఇంకను మెరుగుపరచిరి. ఆ దారినే యునిసెఫ్, ప్రభుత్వ సంస్థలు, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి ఇండియా మార్క్ రెండు పంపును తయారుచేసి, కోయంబత్తూరు పల్లెలలో పరీక్షించి, 1970ల చివర దేశమంతటికి ఇచ్చిరి. మన పల్లెలలో పిడి ముందుకు చాచి, మూడు కాళ్ల మీద సిమెంటు దిమ్మెలో నిలిచిన బోరింగు అదే. నిమిషమునకు సుమారు పన్నెండు లీటర్ల నీరు ఇచ్చును. తరువాత అది ఆఫ్రికా దేశములకును పోయినది.

ఆ గొప్ప పంపుకు కూడ లోపల తోలు వాషరే ఉండెను. అది అరిగినప్పుడు ఇనుప గొట్టములన్నియు ఒక్కొక్కటిగా పైకి లాగవలెను. దానికి ముక్కాలి, రెంచీలు, నలుగురైదుగురు మనుష్యులు కావలెను. కొన్ని రూపాయల వాషరు కొరకు నెలల తరబడి బోరింగు మూగబోయిన ఊళ్లు ఎన్నో. అందుకే తరువాత గొట్టమును వెడల్పు చేసి, లోపలి పిస్టను మాత్రమే ఇద్దరు మనుష్యులు లాగునట్లు మార్క్ మూడు పంపును చేసిరి. తోలు పోయి నైట్రైల్ రబ్బరు వచ్చినది. పంపు చరిత్రలో ప్రతి మార్పు, బాగుచేయువాని కష్టమును తగ్గించుటకే జరిగినదని గమనింపుడు.

సొంత బోరు

మోటకు బదులు ఆయిలు ఇంజను, దాని తరువాత కరెంటు మోటారు వచ్చినవి. పల్లెలకు కరెంటు చేర్చుటకు 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినది. 1980లలో మోటారు బలమునుబట్టి ఏటికి ఇంత అను స్థిర రుసుము ఉండెను. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువది నాలుగు గంటల సరఫరా మొదలైనది. మెట్ట రైతుకు ఇవి మేలు చేసినవి. మిరప, పత్తి, మామిడి తోటలు ఆ నీటితోనే నిలిచినవి. అయితే ఎద్దుల బలము ఉంచిన హద్దు పోయినది. మోటారు అలయదు. బావి ఊరుటకు రాత్రి మిగులలేదు.

చట్టమును చూడుడు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము, ఒకని భూమి క్రింద నిర్ణీతమైన ప్రవాహముగా కాక ఇంకియున్న నీటిని తన హద్దులలో తోడుకొను హక్కు ఆ భూయజమానికి ఉన్నది. మోట కాలమునకు ఆ మాట సరిపోయినది. ఇప్పుడు మూడు వందల అడుగుల బోరు ప్రక్క ఐదు వందల అడుగుల బోరు పడినప్పుడు, ఇద్దరి హక్కు ఒక్కటే, నీరు మాత్రము ఒక్కనిదే. భూమి ఉన్నను బోరుకు డబ్బు లేనివాని చేతి బావి మొదట ఎండును. బొగ్గు గనుల దగ్గర ఇంకొక కారణము తోడగును. గనిలో పని జరుగవలెనన్న అందులో ఊరు నీటిని ఎడతెగక తోడి పోయవలెను. చుట్టు నేలలోని నీరు ఆ వైపుకు వాలును.

ఈ స్థితిని చూచియే 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము వచ్చినది. బావులను, బోరు యంత్రములను నమోదు చేయవలెననియు, ప్రజల మంచినీటి బావికి సమీపమున బోరు వేయుటకు అనుమతి కావలెననియు అది చెప్పుచున్నది. అడవి హద్దులో మరియొక నియమమున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, గ్రామసభ సిఫారసుతో, మంచినీటి వసతుల వంటి ప్రజా సౌకర్యములకు హెక్టారుకు మించని అటవీ భూమిని వాడుటకు వీలు కల్పించినది. గ్రామసభలో కూర్చుండి ఈ సంగతి అడుగగలవారు మన గుంపులలో ఉండవలెను. 2016 ఆగస్టు 7న మొదలైన మిషన్ భగీరథ నది నీటిని కుళాయికి తెచ్చుచున్నది. కుళాయి వచ్చినదని బావిని పూడ్చవద్దు. పైపు పగిలిన దినమున, వరద వచ్చిన దినమున ఊరికి బావియే దిక్కు.

కాచువాని పని

చరిత్ర చదివి ఊరకుండుటకన్న, ఈ సంవత్సరమే చేయదగిన కొన్ని పనులు చెప్పుట మంచిదని తలంచుచున్నాము.

మొదటిది లెక్క. ప్రతి ఇంట బైబిలు మొదటి ఆకుల మీద పిల్లల పుట్టిన తేదీలు వ్రాసుకొందుము. అట్లే బోరు వేసిన తేదీ, లోతు, కేసింగు ఎంత దిగినది, ఏ లోతున నీరు తగిలినది, మోటారు ఏ లోతున దింపినది ఒక పుస్తకములో వ్రాయవలెను. కార్తికములో ఒకసారి, మే నెలలో ఒకసారి నీటి మట్టము కొలిచి వ్రాయవలెను. నాలుగేండ్ల లెక్క ఉన్నవానికి మోసపు మాట చెప్పుట కష్టము.

రెండవది శుద్ధి. మరుగుదొడ్డి గుంట బావికి కనీసము యాబది అడుగుల దూరములో, వాలుకు దిగువగా ఉండవలెను. కేసింగు నేలకన్న అడుగైన ఎత్తుగా ఉండి, మూతయుండి, చుట్టు సిమెంటు గట్టు ఉండవలెను. 1986 ఆగస్టులో భద్రాచలం యొద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కినది. అట్టి వరద తీసిన తరువాత బావిని తోడించి, సున్నపు బ్లీచింగు పొడి వేయక ఆ నీరు త్రాగరాదు. వెయ్యి లీటర్లకు మంచి పొడి రెండున్నర గ్రాములు మామూలు లెక్క. మూడు మీటర్ల వెడల్పు బావిలో రెండు మీటర్ల నీరున్నచో అది సుమారు పదునాలుగు వేల లీటర్లు. దానికి ముప్పదియైదు గ్రాములు చాలును. వరద నీరు చేరినచో ఆరోగ్య సిబ్బందిని అడిగి హెచ్చించవలెను. పొడిని నీటిలో కలిపి, తేరిన తేటను బావిలో కలిపి, కనీసము ఒక గంట ఆగవలెను.

మూడవది పరీక్ష. నీరు తేటగా ఉన్నంత మాత్రాన మంచిది కాదు. ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. నెల్లూరు ప్రాంతములో ఈ రోగమును 1937లోనే వైద్యులు వర్ణించినారు. మన పొరుగున నల్లగొండ జిల్లా పడిన బాధ అందరికి తెలిసినదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో త్రాగుటకు తగదు. గట్టి రాతిలో లోతు పోయినకొలది దీనిని తప్పక చూపించుకొనవలెను.

నాలుగవది తిరిగి నింపుట. నూరు చదరపు మీటర్ల పైకప్పు మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడినచో అది లక్ష లీటర్లు. మన దేవాలయముల కప్పులు ఎంత పెద్దవో మీరే కొలుచుకొనుడు. ఆ నీరు వీధిలోనికి పోకుండ, ఇసుక, గులకరాళ్లు నింపిన గుంటలోనికి మళ్లించుట పెద్ద ఖర్చు కాదు.

ఐదవది ప్రాణరక్షణ. పాత బావిలో పూడిక తీయుటకు దిగునప్పుడు మన పెద్దలు వెలిగించిన దీపమును ముందు దింపెడివారు. దీపము ఆరినచో మనిషి దిగరాదు. దీపము వెలిగినను నడుముకు త్రాడు, పైన ఇద్దరు మనుష్యులు ఉండవలెను. ఆయిలు ఇంజనును బావి లోపల ఎన్నడు నడుపరాదు. దాని పొగ వాసన తెలియకముందే మనిషిని పడవేయును. విడిచిన బోరు అంతకన్న ప్రమాదము. అందులో పసిపిల్లలు పడి చనిపోవుట చూచి, 2010లో సుప్రీంకోర్టు నియమములు చేసినది: బోరు వేయుటకు 15 దినముల ముందుగా అధికారులకు తెలుపవలెను, కేసింగు చుట్టు 0.60 మీటరు మందమున, సగము నేలలో సగము పైన, సిమెంటు దిమ్మె కట్టవలెను. ఉక్కు మూత బిగింపవలెను. విడిచిన బోరును అడుగు నుండి నేల వరకు నింపవలెను.

ఈ ఆజ్ఞ మనకు క్రొత్తది కాదు. గొయ్యి తెరచి కప్పక విడిచినవాడు, అందులో ఎద్దైనను గాడిదయైనను పడి చచ్చినచో, దాని వెల చెల్లింపవలెనని నిర్గమకాండము ఇరువది యొకటవ అధ్యాయములో ఉన్నది. పశువుకే అంతటి లెక్క ఉండగా, పొరుగువాని బిడ్డకు ఎంత ఉండవలెను?

ముగింపు

ఆదికాండము ఇరువది యారవ అధ్యాయమును మరల చదువుడు. ఇస్సాకు మొదట చేసినది క్రొత్త బావి త్రవ్వుట కాదు. తండ్రి కాలములో త్రవ్వబడి, ఇతరులు మన్నుపోసి పూడ్చిన బావులను తిరిగి తీయించి, వాటికి తండ్రి పెట్టిన పేర్లనే పెట్టెను. తరువాత త్రవ్విన బావుల విషయములో జగడము వచ్చినప్పుడు, ఒకదానిని విడిచి ముందుకు పోయెను, రెండవదానిని విడిచి ముందుకు పోయెను. జగడము లేని చోటునకు రహెబోతు అని పేరు పెట్టెను. ఎడము కలిగిన చోటు అని దాని అర్థము. ఎండాకాలములో పొరుగువాని బోరుకన్న వంద అడుగులు లోతు పోవలెనని అప్పు చేయుచున్న మనకు ఆ అధ్యాయము అవసరము.

కాబట్టి శతాబ్ది గుర్తుగా ప్రతి సంఘము ఒక పని చేయవలెనని కోరుచున్నాము. మీ ఊరిలో పూడిన బావులెన్ని, మూత లేని బోర్లెన్ని, పనిచేయని బోరింగులెన్ని అను పట్టికను యౌవనస్థులు వ్రాయవలెను. మూత లేని బోర్లను వానలు రాకముందే మూయించవలెను. దేవాలయపు ఆవరణలో బావి ఉన్నచో దాని పూడిక తీయించి, గట్టు కట్టించి, అది ఏ పేటవారికైనను, ఏ మతమువారికైనను తెరచియున్నదని గోడ మీద వ్రాయించవలెను. ఆ గట్టు మీదికి రానీయబడక దూరముగా నిలిచినవారి మనుమలమే మనము. బావికి వచ్చినవానిని నీవెవడవని అడుగు హక్కు మనకు అసలే లేదు.